ముప్పై వేల ఏళ్లా, ఎనిమిది కోట్ల ఏళ్లా? ఒక వైరస్ కుటుంబానికి వయసు లెక్కగట్టిన కేసు

వైరస్‌ల వంశవృక్షాలు గీయడం, వాటి కొమ్మలు ఎప్పుడు చీలాయో లెక్కగట్టడం నా వృత్తి. పరిశోధక బృందాలు తమ సీక్వెన్సులు (వైరస్ జన్యు అక్షరాల వరసలు) పంపి "వీటి వయసెంతో చెప్పండి" అని అడుగుతుంటాయి. చాలావరకు రెండు మూడు వారాల్లో తేలిపోతాయి. ఈ కేసుకు మాత్రం ఏడాదికి పైగా పట్టింది. మధ్యలో నేను కూడా ఒక పెద్ద పొరపాటు చేశాను. దానితో సహా మొత్తం రాయడానికి కారణం ఉంది. ఈ లెక్కను తప్పుగా చేసినా కంప్యూటర్ ఎక్కడా ఆగదు, హెచ్చరించదు. చూడముచ్చటైన అంకె చేతికిచ్చేస్తుంది. ఆ అంకె వ్యాసంలోకి, అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లిపోతుంది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

బృందం ఎవరిదో, వాళ్లకు కొత్త వైరస్ దొరికిన జంతువేదో చెప్పను. అదొక క్షీరదం అనుకుంటే చాలు.

నేపథ్యం

వైరస్ కుటుంబం పేరు హెపడ్నావైరస్‌లు. పేరు కొత్తగా అనిపించినా, ఈ కుటుంబంలో ఒకరిని అందరూ ఎరుగుదురు: హెపటైటిస్-బి. 1965లో బరూక్ బ్లమ్‌బర్గ్ బృందం "ఆస్ట్రేలియా యాంటిజెన్" (ఈ వైరస్ పైపొర ప్రొటీన్ అని తర్వాత తేలింది) గురించి ప్రచురించడంతో దాని కథ మొదలైంది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటిదాకా ఇది మనుషుల వైరస్ అనే అనుకున్నారు. 1978లో ఉడుత జాతికి చెందిన వుడ్‌చక్‌లో, 1980లో బాతుల్లో దీని బంధువులు దొరికాయి. తర్వాత కొంగల్లో, గబ్బిలాల్లో, చివరికి కప్పల్లో, చేపల్లో కూడా బయటపడ్డాయి. అంటే మనం చూస్తున్నది వెన్నెముక గల జంతువుల్లో చాలా దూరం పాకిన కుటుంబాన్ని.

దీని జీనోమ్, అంటే జన్యు సమాచారం మొత్తం, చాలా చిన్నది. మానవ వైరస్‌లో సుమారు 3,200 అక్షరాలు, బాతు వైరస్‌లో ఇంకాస్త తక్కువ. రెండు పేజీల్లో అచ్చు వేసేయవచ్చు. అంత చిన్న చోట తనకు కావలసినవన్నీ ఇముడ్చుకోవడానికి ఈ వైరస్ ఒక పద్ధతి పాటిస్తుంది: ఒకే అక్షరాల వరసను రెండు రకాలుగా చదివిస్తుంది. "మారాజులేడు" అని కలిపి రాస్తే "మారాజు లేడు" అనీ చదవవచ్చు, "మా రాజు లేడు" అనీ చదవవచ్చు. అందులో "జు" అనే అక్షరాన్ని మార్చి చూడండి, రెండు వాక్యాలూ ఒక్కసారే చెడతాయి. హెపటైటిస్-బి జీనోమ్‌లో సగానికి పైగా ఇలాంటి జంట చదువులే. పైపొర ప్రొటీన్ జన్యువు మొత్తంగా పాలిమరేజ్ (వైరస్ ప్రతులు తీసే ఎంజైమ్) జన్యువు కడుపులోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఒక అక్షరం మారాలంటే ఇద్దరి అనుమతి కావాలి. ఈ సంగతి తర్వాత చాలా అవసరపడింది.

మరో విశేషం. ఇది డీఎన్ఏ వైరస్సే అయినా తన ప్రతులు తీసుకునేటప్పుడు మధ్యలో ఆర్ఎన్ఏగా మారి, మళ్లీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ ద్వారా డీఎన్ఏ అవుతుంది. ఆ పని చేసే ఎంజైమ్‌కు తప్పులు దిద్దుకునే గుణం లేదు. అందుకే రోగుల్లో చూస్తే ఇది వేగంగా మారే వైరస్‌లా కనిపిస్తుంది.

సమస్య

బృందంలోని పరిశోధక విద్యార్థిని నాకు పంపిన ఫైలులో అన్నీ పద్ధతిగా ఉన్నాయి. వాళ్ల కొత్త వైరస్, దానికి తోడు మనుషులు, వానరాలు, గబ్బిలాలు, వుడ్‌చక్‌లు, బాతుల నుంచి తీసిన వైరస్ సీక్వెన్సులు, ప్రతిదానికీ సేకరించిన సంవత్సరం. వాటిని బేయీసియన్ పద్ధతిలో (ముందుగా ఇచ్చిన అంచనాను డేటాతో కలిపి లెక్కగట్టే పద్ధతి) మాలిక్యులర్ క్లాక్‌తో నడిపారు. మార్పులు ఒక నిర్ణీత వేగంతో పోగవుతాయనుకుంటే తేడాలను బట్టి కాలాన్ని లెక్కగట్టవచ్చన్నది ఆ గడియారం సూత్రం. జవాబు: మొత్తం కుటుంబానికి ఉమ్మడి పూర్వీకుడు సుమారు 30 వేల ఏళ్ల నాటివాడు. విశ్వాస అంతరం, అంటే అసలు జవాబు ఉండగల హద్దుల మధ్య దూరం, చాలా సన్నగా ఉంది. మంచు యుగం చివర్లో మనుషులు ఖండాలన్నీ చుట్టబెడుతున్న కాలంలో ఈ వైరస్‌లు జంతువుల మధ్య వ్యాపించాయని వ్యాసం ముసాయిదాలో ఒక అందమైన పేరా కూడా రాసి ఉంచారు.

నేను మొదట చేసిన పని, ఆ అంకె ఎలా పుట్టిందో కాగితం మీద చేత్తో వేసి చూడటం. ఏ కేసులోనైనా ఇదే చేస్తాను. పెద్ద సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబు చేతిలెక్కకు దరిదాపుల్లో లేకపోతే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టు. దరిదాపుల్లో ఉంటే, ఆ జవాబును ఏ అంకె నడిపిస్తోందో తెలిసిపోతుంది.

బాతు వైరస్‌నూ మానవ వైరస్‌నూ పక్కపక్కన పెడితే నూటికి 40 అక్షరాలు కలుస్తాయి, 60 కలవవు. అయితే ఒకే స్థానంలో రెండు మూడు సార్లు మార్పు జరిగి ఉండవచ్చు. పాతది చెరిగిపోతుంది కాబట్టి మనకు కనిపించేది చివరిది మాత్రమే. జ్యూక్స్-కాంటర్ అనే అతి సులువైన దిద్దుబాటు సూత్రం వేస్తే, 60 శాతం తేడా వెనుక స్థానానికి సగటున 1.2 మార్పులు ఉన్నట్టు వస్తుంది. రెండు శాఖలకు పంచితే చెరి 0.6. విద్యార్థిని లెక్కలో వేగం ఏడాదికి స్థానానికి లక్షలో రెండు మార్పులు. 0.6ను దానితో భాగిస్తే సరిగ్గా 30 వేల ఏళ్లు. సాఫ్ట్‌వేర్ రోజుల తరబడి నడిచి చెప్పిందీ అదే.

అంటే వృక్షం, నమూనాలు, సంవత్సరాలు అన్నీ పక్కవాద్యాలే. జవాబు మొత్తాన్ని పాడుతున్నది ఆ వేగం ఒక్కటే.

అనుమానానికి ఇంకో కారణం ఉంది. 2010లో జీబ్రా ఫించ్ అనే చిన్న పక్షి జీనోమ్‌లో హెపడ్నావైరస్ ముక్కలు ఇరుక్కుని ఉన్నాయని, వాటి వయసు కనీసం 1.9 కోట్ల ఏళ్లని జిల్‌బేర్, ఫెషోట్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 2013లో మరో బృందం పక్షి జీనోమ్‌లలో 8.2 కోట్ల ఏళ్లకు పైబడిన ముక్కను బయటపెట్టింది. అది డైనోసార్లు తిరుగుతున్న కాలం. 2014లో తాబేళ్లు, మొసళ్లు, పాముల జీనోమ్‌లు వెతికితే లెక్క 20.7 కోట్ల ఏళ్లు దాటింది. 30 వేల ఏళ్ల క్రితం పుట్టిన కుటుంబపు సభ్యుడు ఎనిమిది కోట్ల ఏళ్ల కిందటి పక్షిలో ఉండటం జరగని పని.

ఈ మాట చెప్పి ఫైలు తిప్పి పంపేయవచ్చు. అలా చేయలేదు. విద్యార్థిని అడిగిన ప్రశ్న న్యాయమైనది: "మేడమ్, అంతరం ఇంత సన్నగా వచ్చింది కదా. డేటా చెప్పేది కూడా నమ్మకూడదా?" డేటా నిజంగా ఆ మాట చెబుతోందా అన్నది తేల్చకుండా, మరెవరో వేరే చోట కనుగొన్నదాన్ని చూపించి ఆమె నోరు మూయించడం నాకు సరికాదనిపించింది. తప్పు ఎక్కడుందో ఆమె డేటాలోనే చూపించాలి.

ప్రయత్నించినవి, ఫలించనివి

ముందుగా, ఆ వేగం డేటాలోంచి వచ్చిందా లేక మనం ముందుగా చెప్పిపెట్టిన అంచనాలోంచి వచ్చిందా అని పరీక్షించాం. వృక్షం వేరు నుంచి ప్రతి కొసకు ఉన్న దూరాన్ని సేకరించిన సంవత్సరంతో జోడించి చుక్కలు పెట్టాం. గడియారం నిజంగా టిక్కుటిక్కుమంటుంటే కొత్త నమూనాలు వేరుకు ఎక్కువ దూరంలో ఉండాలి, చుక్కలు పైకి వాలిన గీతలా పేరుకోవాలి. మాకు కనిపించింది చెల్లాచెదురుగా పడిన ఆవగింజలు. తర్వాత సంవత్సరాలను నమూనాల మధ్య ఇష్టం వచ్చినట్టు తారుమారు చేసి మళ్లీ నడిపాం. అసలు సంవత్సరాలతో వచ్చిన వేగానికీ, తప్పుడు సంవత్సరాలతో వచ్చిన వేగానికీ తేడా లేదు. కొన్ని దశాబ్దాల వ్యవధిలో సేకరించిన నమూనాలతో హెపటైటిస్-బికి కాల సంకేతం దొరకకపోవడం ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. సన్నటి అంతరం డేటా బలం వల్ల రాలేదు. వేగానికి ముందుగా ఇచ్చిన సన్నటి అంచనా వల్ల వచ్చింది. మనం జేబులో పెట్టినదే మనకు తిరిగి దొరికింది.

విద్యార్థిని ఆ రోజు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తానే ఒక దారి చెప్పింది: నమూనాల వ్యవధి చాలకపోతే పాత నమూనాలు కలుపుదాం. మంచి ఆలోచన. 2018లో రెండు బృందాలు పురాతన అస్థిపంజరాల నుంచి హెపటైటిస్-బి జీనోమ్‌లు బయటికి తీశాయి, కొన్ని 7,000 ఏళ్ల నాటివి. 2021లో వచ్చిన అధ్యయనం 137 పురాతన జీనోమ్‌లతో 10,500 ఏళ్ల వెనక్కి వెళ్లింది. వీటిని కలిపేసరికి మానవ వైరస్ భాగంలో ఆవగింజలు గీతకట్టాయి. కాల సంకేతం దొరికింది. వేగం లక్షలో ఒకటికి అటూ ఇటూ వచ్చింది. మానవ హెపటైటిస్-బి శాఖలన్నిటి ఉమ్మడి పూర్వీకుడు సుమారు 12 వేల నుంచి 20 వేల ఏళ్ల క్రితం ఉన్నాడని ఆ 2021 అధ్యయనం చెప్పినదానికి మా లెక్క దగ్గరగానే ఉంది.

ఇంత బాగా కుదిరింది కదా అని ఆ వేగాన్నే కుటుంబమంతటికీ వర్తింపజేశాం. బాతుకూ మనిషికీ మధ్య దూరం 60 వేల ఏళ్లు అయింది. 30 నుంచి 60కి పెరిగింది, కావలసింది కోట్లు.

తర్వాత గడియారాన్ని సడలించాం. కొమ్మకో వేగం ఉండవచ్చని ఒప్పుకునే నమూనా ఇది. అంతరం బాగా వెడల్పయింది కానీ మధ్యబిందువు కదల్లేదు. దీనికి కారణం అర్థమయ్యాక నాకు ఈ కేసు మీద అసలైన పట్టు దొరికింది. సడలించిన గడియారం వేగాలు ఒక సగటు చుట్టూ ఊగుతాయని అనుకుంటుంది, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. వెనక్కి వెళ్లేకొద్దీ కొమ్మలన్నీ ఒకే వైపుకు నెమ్మదించి కనిపిస్తాయన్న ఊహ దానికి లేదు. ఎన్ని రోజులు నడిపినా ఆ జవాబును అది వెతకదు.

నాలుగో దారి బృందం నాయకుడు సూచించారు. పక్షులూ క్షీరదాలూ విడిపోయి సుమారు 32 కోట్ల ఏళ్లయింది. వైరస్‌లు కూడా వాటితోపాటే చీలాయనుకుని ఆ తేదీని మేకులా కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. వైరస్ తన ఆతిథేయితో (అది బతికే జంతువుతో) పాటే చీలిందా అన్నదే మనం తేల్చవలసిన ప్రశ్న. దాన్ని ముందుగానే నిజమనుకుంటే జవాబు తేలడం కాదు, మనమే రాసుకున్నట్టు. పైగా వృక్షమే ఎదురు సాక్ష్యం చెబుతోంది. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్‌ల వైరస్‌లు వాటి ఆతిథేయుల వరసలో విడివిడిగా నిలబడవు, మానవ వైరస్ శాఖల మధ్యలో దూరి ఉంటాయి. 2013లో గబ్బిలాల్లో దొరికిన ఒక హెపడ్నావైరస్ మానవ కాలేయ కణాల్లోకి ప్రవేశించగలదని ప్రయోగశాలలో తేలింది. గీతలు దాటే అలవాటున్న కుటుంబమిది. ఆతిథేయుల వృక్షాన్ని కళ్లు మూసుకుని దీని మీద అతికించలేం.

నా పొరపాటు

మిగిలిన దారి శిలాజ వైరస్‌లు. వైరస్ డీఎన్ఏ ముక్క ఎప్పుడైనా అండంగానీ శుక్రకణంగానీ తయారయ్యే కణాల్లోని క్రోమోజోమ్‌లో ఇరుక్కుంటే, అది పిల్లలకు, పిల్లల పిల్లలకు వారసత్వంగా వెళుతుంది. ఎముక శిలగా మారినట్టు, వైరస్ జీనోమ్‌లో శిలగా మిగిలిపోతుంది. ప్రచురితమైన వాటితో ఆగకుండా, మన కొత్త వైరస్‌కు దగ్గరి బంధువు ఎవరైనా క్షీరదాల జీనోమ్‌లలో దొరుకుతారేమోనని నేనే వెతుకులాట మొదలుపెట్టాను. క్షీరదాల్లో హెపడ్నావైరస్ శిలాజం దొరికితే అది పెద్ద వార్త.

దొరికింది. ఒక జంతువు జీనోమ్‌లో దాదాపు పూర్తి పొడవు వైరస్. ఆ సాయంత్రం విద్యార్థినికి ఫోను చేసి చెప్పాను. ఆ ఆనందంలో ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయాను: దాని ఇరుగుపొరుగు ఎవరు?

వారం తర్వాత బొమ్మ గీస్తూ చూస్తే, ఆ ముక్కకు ఎడమ పక్కన ఏమీ లేదు, కుడి పక్కన ఏమీ లేదు. అది క్రోమోజోమ్ మధ్యలో లేదు. దేనికీ అతకని చిన్న తునక, అందులో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వైరస్సే. పైగా దాని జన్యువులన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. కోట్ల ఏళ్లు నిద్రపోయిన శిలాజంలో అడ్డదిడ్డంగా ఆపు సంకేతాలు (ప్రొటీన్ తయారీని అక్కడితో నిలిపేసే అక్షరాలు) పడి ఉండాలి, అక్షరాలు ఊడిపోయి చదువు తప్పి ఉండాలి. ఇది నిన్నటి వైరస్‌లా ఉంది. నిన్నటిదే. జీనోమ్ చదవడానికి డీఎన్ఏ తీసిన కణజాలంలో ఆ జంతువుకున్న ఇన్‌ఫెక్షనో, ప్రయోగశాలలో కలిసిన మరకో అయి ఉంటుంది. శిలాజం మాత్రం కాదు. అప్పటికే విద్యార్థిని దాన్ని వృక్షంలో మేకుగా వాడి రెండు రకాల లెక్కలు నడిపింది. అన్నీ కొట్టేయమని చెప్పవలసి వచ్చింది. ఆమె సమయం వృథా చేసినందుకు నేను క్షమాపణ చెప్పాను. అది చెప్పి తీరవలసిన మాట.

ఫలించినది

ఆ తర్వాత ఇరుగుపొరుగు చూడకుండా ఏ ముక్కనూ లెక్కలోకి రానివ్వలేదు. పక్షుల శిలాజాలకే తిరిగి వెళ్లి, ప్రతిదాన్నీ మళ్లీ మా కళ్లతో చూశాం.

ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాను. రెండు వేర్వేరు జాతుల పక్షులు. రెండింటి జీనోమ్‌లలోనూ ఒకే క్రోమోజోమ్ ప్రాంతాన్ని వరసలో పెట్టాం. ఎడమ వైపు వందలాది అక్షరాలు పక్షి డీఎన్ఏ, రెండింటిలో చక్కగా కలుస్తున్నాయి. హఠాత్తుగా ఒక అక్షరం దగ్గర పక్షి ఆగిపోయి వైరస్ మొదలవుతుంది. రెండు పక్షుల్లోనూ అదే అక్షరం దగ్గర. కొంత దూరం వెళ్లాక వైరస్ ఆగి మళ్లీ పక్షి డీఎన్ఏ మొదలవుతుంది, అదీ ఒకే చోట. వైరస్ పాలిమరేజ్ భాగంలో ఒక ఆపు సంకేతం అడ్డుపడింది, రెండు పక్షుల్లోనూ అదే స్థానంలో. ఇప్పుడు ఇంకా దూరపు బంధువైన మూడో పక్షిని కింద వరసలో పెట్టాం. అందులో ఎడమ పొరుగు చివరి అక్షరం పక్కనే కుడి పొరుగు మొదటి అక్షరం. మధ్యలో వైరస్ లేదు, అతుకు లేదు, ఎవరూ అడుగుపెట్టని ఖాళీ స్థలం.

వంద కోట్లకు పైగా అక్షరాలున్న జీనోమ్‌లో రెండు జాతుల్లో విడివిడిగా, సరిగ్గా ఒకే అక్షరం పక్కన ఒకే ముక్క వచ్చి పడటం నమ్మదగిన ఊహ కాదు. మూడో పక్షి పూర్వీకులు విడిపోయాక, మొదటి రెండూ తమలో తాము విడిపోకముందు, వాటి ఉమ్మడి పూర్వీకుడిలో ఈ వైరస్ చొరబడింది. కాబట్టి ఆ రెండు పక్షుల చీలిక తేదీ ఎంతో, వైరస్ వయసు కనీసం అంత. విద్యార్థిని ఆ మూడు వరసలను అచ్చువేసి గోడకు అంటించుకుంది. ఏడాది పనిలో మేమిద్దరం ఏ సందేహమూ లేకుండా ఒప్పుకున్న మొదటి ఆధారం అది.

అయినా దీన్ని వృక్షంలో పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పలేదు. మొదటిది, జీనోమ్‌లో ఇరుక్కున్న రోజు నుంచి ఆ ముక్క వైరస్ వేగంతో మారదు, పక్షి డీఎన్ఏ వేగంతో మారుతుంది. ఆ కొమ్మకు వైరస్ గడియారం తగిలిస్తే మళ్లీ లెక్క తలకిందులవుతుంది. దాని తేదీని ఆతిథేయుల నుంచే తీసుకున్నాం, కొమ్మ పొడవు నుంచి కాదు. రెండోది, ఆ ముక్క వృక్షంలో ఎక్కడ కూర్చుంటుందన్నది. నేటి పక్షి వైరస్‌ల గుంపు లోపలే కూర్చుంటే పక్షి, క్షీరద శాఖల చీలిక దానికంటే పాతదని చెప్పవచ్చు. మొత్తం గుంపుకు వెలుపల కూర్చుంటే, కుటుంబం పాతదనే చెప్పగలం, నేటి శాఖల చీలిక గురించి ఏమీ చెప్పలేం. అందుకే జంట చదువుల ప్రాంతాలను పక్కనపెట్టి, పాలిమరేజ్ ప్రొటీన్‌లో నమ్మకంగా వరసకు వచ్చే అమైనో ఆమ్లాలతో మాత్రమే వృక్షం గీశాం. క్షీరద వైరస్‌లలో ఉండే ఎక్స్ జన్యువు లాంటి, అన్ని శాఖల్లోనూ లేని భాగాలను ముందే తీసేశాం. మానవ వైరస్ శాఖల్లో కొన్ని ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుని పుట్టినవి, వాటినీ తప్పించాం.

ఆ తర్వాత విద్యార్థిని ఒక పని చేసింది. ఈ కేసు మొత్తం మీద నాకు బాగా నచ్చినది అదే. ఒక కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా వేగం, రెండూ పదింతల మెట్లలో గీసుకుంది. రోగుల్లో కొన్నేళ్ల వ్యవధిలో కొలిచిన వేగాలు: లక్షలో ఒకటి నుంచి నాలుగైదు. వేల ఏళ్ల వ్యవధిలో పురాతన జీనోమ్‌లు ఇచ్చినది: లక్షలో ఒకటికి అటూ ఇటూ. ఇక బాతు, మానవ వైరస్‌లు కనీసం 8.2 కోట్ల ఏళ్ల క్రితమే విడిపోయాయనుకుంటే, మనం మొదట్లో వేసిన 0.6 మార్పులను ఆ కాలంతో భాగించాలి: వంద కోట్లలో ఏడు. రోగిలో కొలిచిన వేగానికి ఇది వెయ్యి రెట్లకు పైగా తక్కువ. చుక్కలు ఎడమ నుంచి కుడికి దిగువకు వాలాయి. వైరస్ ఒకటే. కొలిచే వ్యవధి పెరిగేకొద్దీ కనిపించే వేగం తగ్గుతోంది.

ఇందుకు కారణాలు వైరస్ జీవితంలోనే ఉన్నాయి. దీర్ఘకాలం హెపటైటిస్-బితో ఉన్న రోగిలో, రోగనిరోధక శక్తి ఒత్తిడికి వైరస్ ఒక ఆపు సంకేతాన్ని తెచ్చుకుని ఈ-యాంటిజెన్ అనే ప్రొటీన్ తయారీని నిలిపేస్తుంది. ఆ రోగిలో అది లాభం. కొత్త మనిషిలో నిలదొక్కుకోవడానికి మాత్రం ఈ-యాంటిజెన్ ఉన్న రూపమే మేలు. అందుకే ఈ మార్పు వేర్వేరు రోగుల్లో మళ్లీ మళ్లీ పుడుతుంది, వంశంలో మాత్రం నిలవదు. రోగిని చూసి కొలిచినవాడు దాన్ని లెక్కపెడతాడు, కోట్ల ఏళ్లను చూసి కొలిచినవాడికి అది కనిపించదు. జంట చదువుల వల్ల చాలా మార్పులు ఏదో ఒక ప్రొటీన్‌కు హాని చేసి, కొన్ని తరాల్లో తుడిచిపెట్టుకుపోతాయి. మరో వైపు, మారడానికి స్వేచ్ఛ ఉన్న కొద్దిపాటి స్థానాలు మారి మారి నిండిపోతాయి. నాలుగే అక్షరాలు కాబట్టి, ఏ సంబంధమూ లేని రెండు వరసలు కూడా నూటికి 25 చోట్ల కలుస్తాయి. 40 శాతం పోలిక అంటే ఆ అడుగుకు ఎంత దగ్గరగా వచ్చేశామో చూడండి. అక్కడ ఏ దిద్దుబాటు సూత్రమూ చెరిగిపోయిన చరిత్రను తిరిగి తేలేదు.

ఇది హెపడ్నావైరస్‌లకే పరిమితం కాదు. కోతుల్లో ఉండే, హెచ్ఐవీకి బంధువైన ఎస్ఐవీ వయసు కొన్ని వందల ఏళ్లేనని గడియారాలు చెప్పిన రోజులున్నాయి. సముద్ర మట్టం పెరిగి సుమారు 10 వేల ఏళ్ల క్రితం ఆఫ్రికా నుంచి విడిపోయిన బియోకో దీవి కోతుల్లోని వైరస్‌లను ప్రధాన భూభాగపు వైరస్‌లతో పోల్చి, అది కనీసం 32 వేల ఏళ్ల నాటిదని 2010లో తేల్చారు. అక్కడ దీవి చేసిన పనిని ఇక్కడ పక్షి క్రోమోజోమ్ చేసింది.

చివరికి ఏం రాశాం

ఒకే అంకె కోసం ఏడాది వెతికి, చివరికి రెండు గడియారాలుగా విడగొట్టి రాశాం. మానవ హెపటైటిస్-బి శాఖల గురించి పురాతన జీనోమ్‌ల ఆధారంగా వేల ఏళ్లలో ఒక అంచనా ఇచ్చాం, విశ్వాస అంతరంతో సహా. కుటుంబం మొత్తానికి ఒక హద్దు మాత్రమే ఇచ్చాం: కనీసం ఇంత, ఇంతకు తక్కువ కాదు. గరిష్ఠం చెప్పలేదు. 2017లో చేపల్లో దొరికిన, పైపొర లేని నాకెడ్నావైరస్ అనే బంధువులు ఈ కుటుంబం నుంచి విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటిందని అంచనా ఉంది. కాబట్టి మన "కనీసం" కింద ఇంకా లోతు ఉండవచ్చని అదే వాక్యంలో రాశాం. మంచు యుగం పేరా మొత్తం కొట్టేశాం. బృందం నాయకుడికి అది కష్టంగానే తోచింది. అది ఆయన రాసినవాటిలో చదవడానికి ఎంతో బాగున్న పేరా.

నా పనిలో మారినవి కొన్ని ఉన్నాయి. సంవత్సరాల తారుమారు పరీక్ష చేయనిదే ఇప్పుడు ఏ తేదీ గురించీ మాట్లాడను. అడిగిన లోతు ఎంతో, వేగాన్ని కొలిచిన లోతు ఎంతో పక్కపక్కన రాసుకుంటాను. వాటి మధ్య వంద రెట్ల తేడా ఉంటే ఫైలు తెరవకముందే బృందానికి ఫోను చేస్తాను. శిలాజం దొరికిందని ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, ముందు మూడు వరసల బొమ్మ అడుగుతాను: వైరస్ ఉన్న రెండు, లేని ఒకటి.

అసలు ఈ కేసు మొదలైంది వాళ్లకు దొరికిన కొత్త వైరస్‌తో. దాని సంగతి చెప్పలేదు కదా. అది క్షీరద వైరస్‌ల గుంపులో నమ్మకంగా కూర్చుంది, ఆ స్థానం మీద మాకు సందేహం లేదు. కానీ దాని కొమ్మకు దగ్గరలో శిలాజం లేదు, పురాతన జీనోమ్ లేదు, ఆతిథేయితో పాటే చీలిందనడానికి ఆధారమూ లేదు. సమీక్షకుల్లో ఒకరు దాని చీలిక తేదీ కూడా పట్టికలో చేర్చమని కోరారు. విద్యార్థిని నన్ను అడగకుండానే జవాబు రాసి, పంపేముందు చూపించింది. అర పేజీలో గోడమీది మూడు వరసల బొమ్మ, కింద వాలుతున్న చుక్కల కాగితం, ఈ కొమ్మ రెండు గడియారాల మధ్య ఎక్కడ పడుతుందో తెలియదన్న వివరణ. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. వ్యాసం అచ్చయినప్పుడు పట్టికలో ఆ వైరస్ పేరు ఎదురుగా, తేదీ ఉండవలసిన గడి ఖాళీగా ఉంది.